నాలుగో వాడను విన్న మైకు

లోనూరు వాణి. మైకు పరీక్ష పుస్తకం. రాసింది స్వరూప.

మొదటి రోజు

కొత్త మైకు వచ్చింది. నేనేమీ అడగలేదు. తెల్లవారుజాము రైల్లో, ఒళ్లో చంటిబిడ్డను పెట్టుకున్నట్టు పెట్టుకుని తెచ్చాడు దస్తగిరి. మైకు తయారుచేసిన కార్ఖానాలో మెకానిక్కు, కర్నూలు వైపు మనిషి. మెట్లు దిగీ దిగకముందే "అక్కా, దీని ముందర మీ పాతది రేకు డబ్బా" అన్నాడు. నా ముసలిదాన్ని తిట్టినవాడికి నీళ్లు మాత్రమే ఇచ్చాను. టీ ఇవ్వలేదు.

పన్నెండు రోజుల్లో రెండు మైకులనూ పక్కపక్కన పెట్టి చూసి, కొత్తది పనికొస్తుందో లేదో నేను సంతకం పెట్టి చెప్పాలి. లోనూరులో ఇది చిన్న సంగతి కాదు. ఎండకు తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గు గనిలోకి దిగి కాపురాలు పెట్టినప్పటి నుంచి, తెర ఉన్న ఏ యంత్రమూ ఇక్కడి దుమ్ముకు నెల రోజులు బతకలేదు. బడి పాఠమైనా, పెళ్లి పిలుపైనా, పంచాయతీ తీర్పయినా ఈ గదిలో మైకు ముందు చెప్పాల్సిందే. అప్పుడే పంతొమ్మిది వాడల్లో కొమ్ము స్పీకర్లు మోగుతాయి. ఇరవై రెండేళ్లుగా ఈ మైకు కుర్చీ నాది. జనం నన్ను చాటుగా సప్పుడమ్మ అంటారు. ఎదురుగానూ అంటారు.

కొత్తదాన్ని వేయించిన ఉప్పు పోసిన డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఇక్కడి చెమ్మకు ఇలాంటి మైకులు చిటపటలాడతాయి. ఒక పూట ఆరాలి. దస్తగిరి ఆ మూత మీద నుంచి చెయ్యి తీయడు.

"లోపలి పొర మందం రెండున్నర మైక్రాన్లక్కా. మీ పాతదాంట్లో ఆరు. ఉల్లిపొర గూడా దీని ముందర బొంత."

పొగుడుకోవడం కూడా వీళ్ల జీతంలో భాగమే అనుకుంటాను.

రెండో రోజు

ఇంట్లో పదకొండు మందిమి. స్నానానికి వంతు, పొయ్యికి వంతు, చివరికి మంచం మీద నడుం వాల్చడానికీ వంతే. నాలుగో వాడ ఖాళీ చేయించి ఇవాళ్టికి నలభై మూడు రోజులు. అరవై ఇళ్లవాళ్లు మిగతా వాడల్లో ఇలాగే ఇరుక్కుని ఉన్నారు. బడి కూడా ఆ వాడలోనే కాబట్టి పిల్లలు నీళ్ల ట్యాంకు పక్కన నేల మీద కూర్చుని చదువుకుంటున్నారు.

ఇదంతా ఓదెలు మామ మాట మీద జరిగింది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి. ఊరి కప్పు తట్టి చూసే పని యాభై ఏళ్లుగా ఆయనదే. కుడిచేత్తో ఇనుప గడ పట్టుకుని గని కప్పును కొడతాడు, ఎడమ అరచేతిని ఆ పక్కనే కప్పుకు ఆనించి ఉంచుతాడు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పైన పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. నాలుగో వాడ డొల్ల అన్నాడు, ఖాళీ చేశారు. మూడు వారాలు చూసినా ఒక్క గులకరాయి రాలలేదు. జనం గొణుగుడు పడలేక పంచాయతీ నన్ను పిలిచింది. ఆయన తట్టిన చప్పుడును నాలుగో వాడలోనూ, గట్టిదని అందరికీ తెలిసిన రెండో వాడలోనూ రికార్డు చేసి, పోల్చి విని, "తేడా లేదు" అని సంతకం చేశాను. ఆ కాగితాన్ని కొమ్ముల్లో చదివిందీ నేనే. ఆయన చేతిలో గడ తీసేసుకున్నారు. ఇప్పుడు పుట్టగొడుగుల మళ్లకు నీళ్లు పోస్తున్నాడు. పదిరోజులకు, అంటే నా పరీక్ష ముగిసే పన్నెండో రోజునే, నాలుగో వాడ తలుపు తీస్తారు. ఎప్పుడెప్పుడా అని నేను కూడా ఎదురు చూస్తున్నాను.

ఇక మైకు. పొద్దుటి గాలి, నీళ్ల వార్త రెండింటి ముందూ చదివాను. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, ఏడో వాడలో గాలి కాస్త తక్కువ, నీళ్లు రెండు పూటలా వస్తాయి. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఒప్పుకోక తప్పదు, కొత్తదాంట్లో నా గొంతు నా గొంతులాగే ఉంది. పెదవులు విడివడే చప్పుడు కూడా వినిపించింది. నాకు నలభై ఏడేళ్లని ఒక యంత్రం నా మొహం మీదే చెప్పడం ఇదే మొదలు.

మూడో రోజు

డప్పు పరీక్ష. స్టూడియోలో డప్పు మీద ఒక్క దెబ్బ వేసి, అది మైకులో ఎలా మొదలై ఎలా ఆగుతుందో వినాలి. మా గురువు మొండయ్య నేర్పిన పద్ధతి. పాతదాంట్లో దెబ్బ పడింది, ఆగింది. కొత్తదాంట్లో దెబ్బ పడింది, ఆగింది, దాని వెనకాల "ఊఁ" అని ఒక మూలుగు సాగింది. ఎక్కడో అడుగున, ఒక్క సెకను. పదిసార్లు కొడితే పదిసార్లూ మూలిగింది.

నాకు లోలోపల సంతోషమైంది. దాచుకోవడం దేనికి.

"దొరికింది నీ రెండున్నర మైక్రాన్ల గొప్ప. పొర వదులైంది, దానంతటదే ఊగుతున్నది" అన్నాను.

"పొర వదులైతే అన్నిటికీ ఊగాల గదక్కా. నీ మాటకు ఊగలేదే?"

"నా మాటకు భయపడ్డది గావొచ్చు."

అతను నవ్వలేదు. డప్పు తీసుకుని తనే ఇంకో పదిసార్లు కొట్టుకున్నాడు.

ఐదో రోజు

స్టాండు మార్చాం. కేబుల్ మార్చాం. కరెంటు పెట్టె మార్చాం. మైకును రబ్బరు తాళ్లతో వేలాడదీశాం. మళ్లీ ఉప్పులో పెట్టి తీశాం. మూలుగు మాత్రం కదల్లేదు. మధ్యాహ్నానికి "తిరస్కరించడమైనది" అని కాగితం సగం రాసేశాను. దస్తగిరి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఆ కార్ఖానాలో ఆరుగురు మూడేళ్లు దీని మీదే కూర్చున్నారట. అందులో ఇతనొకడు.

"ఒక్క తూరి దీన్ని ఈ గది బయట పెట్టి సూద్దామక్కా. ఆడ గూడా మూలిగితే నేనే పెట్టెలో సర్దుకొని పోతా. మల్లా నోరెత్తను."

పరీక్ష స్టూడియోలోనే జరగాలని నియమం. ఇన్నేళ్లలో నేను దాన్ని తప్పలేదు. కానీ ఎదురుగా మనిషి పస్తుంటే నా గొంతులో కూడా ముద్ద దిగదు.

"సరేలే, ముందు తిను" అన్నాను.

ఆరో రోజు

రెండో వాడలో డప్పు కొట్టాం. దెబ్బ పడింది, ఆగింది. మూలుగు లేదు. తొమ్మిదో వాడలో లేదు. పన్నెండో వాడలో లేదు. పిల్లలు వెంటపడ్డారు, పెళ్లెవరిదని ఒక ముసలమ్మ ఆరా తీసింది. దస్తగిరి మొహం వెలిగిపోయింది.

"సూస్తివా, తప్పు మైకుది కాదు. నీ గదిది."

నా గది నాలుగో వాడ మొదట్లోనే, తలుపుకు ఇవతల ఉంది. గోడ ఒకటే, కప్పూ ఒకటే.

తిరిగి వస్తూ, తాళం వేసి ఉన్న నాలుగో వాడ తలుపు దగ్గర ఆగి, మైకును తలుపు సందులో పెట్టి కొట్టమన్నాను. దస్తగిరి కొట్టాడు. మూలుగు మూడు సెకన్లు సాగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

స్టూడియోకొచ్చి నా పాత మైకును విప్పాను, ఇరవై రెండేళ్లలో మొదటిసారి. లోపల లో-కట్ అనే చిన్న మీట ఉంది. కింది స్వరాలను కోసేసేది. మొండయ్య దాన్ని కోత వైపు తోసి, ఎవరూ కదపకుండా టంకం వేసి మూసేశాడు. ఆయన్ను అనడానికి లేదు. లోనూరులో పుట్టినవాళ్లకు చచ్చేదాకా ఫ్యాన్ల రొద చెవుల్లోనే ఉంటుంది. ఇక్కడ రికార్డింగంటే ముందుగా ఆ రొదను కోసి పారేయడమే. రొదతో పాటు దాని పక్కనున్నది కూడా పోతుందని ఎవరికీ తట్టలేదు. డొల్ల కప్పు మూలిగేది సరిగ్గా ఆ అడుగు స్వరంలోనే. ఆ స్వరానికి చెవుడున్న మైకు పెట్టి విని, తేడా లేదని నేను సంతకం చేశాను.

అరవై ఇళ్లు. బడి. ఇంకా ఆరు రోజులుంది. సగం రాసిన కాగితం చించేశాను.

ఏడో రోజు

పుట్టగొడుగుల మళ్ల దగ్గరికి వెళ్లాను. నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయే ఓదెలు మామ, ఇవాళ పోవడానికి సందు లేక ఆగాడు. నా వైపు మాత్రం చూడలేదు. మైకు సంగతి, మూలుగు సంగతి, టంకం సంగతి నిలబడే చెప్పాను.

"తప్పు నాదే మామా. నువ్వు చెప్పిందే నిజం."

ఆయన మడి మొత్తం తడిపి, బిందె దించి, అప్పుడు మాట్లాడాడు.

"ఈ ముచ్చట నాకు చెప్తే ఏమొస్తది బిడ్డా? నాకు ఎరుకే. నా అరచెయ్యికి ఎరుకే. నన్ను అబద్ధాలోణ్ని చేసింది కొమ్ములల్ల. పంతొమ్మిది వాడలు ఇన్నయి. బడిల నా మనుమరాలు ఇన్నది. ఒప్పు గూడ అండ్లనే చెప్పు."

"చెప్తే నా కుర్చీ పోతది మామా."

తప్పుడు సంతకం చేసినవాళ్లు మైకు ముందు కూర్చోకూడదు. అది ఊరి కట్టుబాటు.

"నా గడ పోలేదా?"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆయనే మళ్లీ అడిగాడు.

"పొల్లగాండ్లు లోపలికి పోయేది ఏనాడు?"

"పన్నెండో నాడు."

"అయితే నా లొల్లి ఎనుకకు. ముందుగాల తలుపు తాళంచెవి తే."

ఎనిమిదో రోజు

తాళంచెవి సర్పంచ్ భూమక్క కొంగుకే ఉంటుంది. ఆమె ఇంట్లో పద్నాలుగు మంది. నేను చెప్పిందంతా చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"మొన్న లేదంటివి, నేడు ఉన్నదంటివి. రేపేమంటవో? నలభై తొమ్మిది దినాలాయె స్వరూపా. ఇంక ఆగుండ్రంటే జనం నన్ను ఉప్పు కారం ఏసుకొని తింటరు. నాకు ఇనిపియ్యి. ఇనబడితే సభ పిలుస్త. లేకుంటే పన్నెండో నాడు తలుపు తీస్త."

తాళంచెవి అరపూటకే ఇచ్చింది. గడ ఇవ్వలేదు. గడ లేకపోతేనేం, ఓదెలు మామ మళ్ల దగ్గరి గునపం భుజాన వేసుకుని వచ్చాడు. ముగ్గురం లోపలికి వెళ్లాం. ఎక్కడ అడుగు వేయాలో ఆయనే చూపించాడు. బడి గది కిందికి మమ్మల్ని పోనివ్వలేదు. గోడ అంచున నిలబడి గునపం చాచి తట్టాడు. పద్నాలుగు చోట్ల తట్టాడు. బడికి దగ్గరయ్యే కొద్దీ మూలుగు పొడుగవుతూ వచ్చింది. ఆఖరి దెబ్బకు ఐదు సెకన్లు.

బయటికొచ్చాక ఓదెలు మామ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, తన ఎడమ అరచేతిని చూసుకున్నాడు.

"ఇది నా చేతిల ఉండేది. యాభై ఏండ్లాయె, ఒక్కలకు చూపియ్యలేకపోయిన."

నేను మొహం తిప్పుకుని కేబుల్ చుట్టాను.

తొమ్మిదో రోజు

భూమక్క స్టూడియోకొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. మొదట రెండో వాడ, తర్వాత నాలుగో వాడ వినిపించాను. చిక్కుడుకాయలు తుంచిన చెయ్యి గుండె మీదికి పోయింది.

"ఓ అవ్వా, ఎద్దు మూల్గినట్టున్నది గదనే. రేపే సభ" అంది. లేచి, తలుపు దగ్గర ఆగింది. "కానీ ఈ టోపీ నాలుగు వేల మందికి తొడుగుతవా?"

అక్కడే చిక్కొచ్చింది. కొమ్ము స్పీకర్లో వేసి చూశాం. దెబ్బ మాత్రమే వినబడింది. అంత కింది స్వరాన్ని ఆ చిన్న కొమ్ములు పలకలేవు. మైకు చెవిటిదైతే మార్చాం, కొమ్ములు మూగవైతే ఏం చేయాలి? పంతొమ్మిది వాడల కొమ్ములు మార్చాలంటే ఏడాది పడుతుంది.

సాయంత్రం దాకా తల పట్టుకున్నాను. మా ఇంట్లో చేరినవాళ్ల చిన్నపిల్ల ఒకతి వచ్చి, పాఠం టేపును వేగంగా తిప్పి వినిపించమని మారాం చేసింది. వేగంగా తిప్పితే నా గొంతు చిలక గొంతు అవుతుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు. తిప్పాను. పిల్ల నవ్వింది. నేను ఆ పిల్ల బుగ్గ పట్టుకుని ముద్దుపెట్టి, దస్తగిరిని కేకేశాను.

నాలుగో వాడ టేపును నాలుగు రెట్ల వేగంతో తిప్పాం. అడుగున ఉన్న మూలుగు పైకి లేచి కొమ్ముల్లో మోగింది.

"ఇది మోసమంటే?" అన్నాడు దస్తగిరి.

"రెండో వాడను గూడ అదే వేగంల తిప్పుదాం. ఎట్ల మోసమైతదో చెప్పుమందాం."

పదో రోజు

సభ. జనమంతా ఎవరి వాడలో వాళ్లు కొమ్ముల కింద నిలబడ్డారు. స్టూడియోలో భూమక్క, ఓదెలు మామ, దస్తగిరి, నేను. కాగితం రాసుకోలేదు.

"నేను స్వరూపను. నాలుగో వాడ కప్పుల తేడా లేదని మీకు చెప్పింది నేనే. నేను చెప్పింది తప్పు. నా మైకుకు చెవుడున్నది. ఉన్నదని చూడకుంట సంతకం పెట్టిన. ఓదెలు మామ చెప్పింది నిజం. నా మాట నమ్మకుండ్రి, మీ చెవులతోని ఇనుండ్రి."

రెండో వాడ వేశాను. టక్కుమని ఆగింది. నాలుగో వాడ వేశాను. దెబ్బ, దాని వెంట మూలుగు. మళ్లీ రెండో వాడ, మళ్లీ నాలుగో వాడ. నాలుగుసార్లు వేశాను. తర్వాత ఆఖరిది, బడి గది దగ్గరిది వేసి, అది ఎక్కడిదో చెప్పాను. పక్క వాడలో ఎవరో తల్లి ఏడుపు గోడ దాటి మాకు వినిపించింది.

నేను హెడ్‌ఫోన్ తీసి, గది తాళాలతో పాటు భూమక్క ముందు పెట్టాను.

"కట్టుబాటు కట్టుబాటే. కుర్చీ ఇంకొకలకు ఇస్త" అందామె. తాళాలు మాత్రం ఇటే తోసింది. "పన్నెండో నాటిదాక ఇంకెవలకు చేతనైతది? కూసో."

ఓదెలు మామ పోతూ పోతూ నా నెత్తి మీద చెయ్యి పెట్టి పోయాడు. ఆ తర్వాత నాకు ఏడుపు ఆగలేదు.

పన్నెండో రోజు

కాపురాలు తిరిగి వెళ్లాల్సిన రోజున కప్పు దించారు. దానంతటది పడేదాకా ఆగకుండా మనమే పడగొట్టాలన్నది ఓదెలు మామ మాట. ఏ దూలానికి తాడు కట్టాలో, ఎటు లాగాలో ఆయనే సుద్దతో గీశాడు. ఇనుప తాళ్లు కట్టి, వాడ తలుపు బయట నుంచి గిరకతో లాగారు. నేను తలుపు పక్కన మైకు పెట్టి ఊరంతటికీ వినిపిస్తున్నాను. మొదటి లాగుకు ఏమీ కాలేదు. రెండో లాగుకు కర్ర విరిగిన చప్పుడు. మూడో లాగుకు నేల అదిరింది, దుమ్ము తలుపు సందుల్లోంచి తన్నుకొచ్చింది, మూడు ఫ్యాన్ల రొద కూడా వినపడలేదు.

దుమ్ము తేరాక దీపాలు పట్టుకుని చూశాం. ఇరవై రెండు అడుగుల పొడవు, రెండడుగుల మందం రాతిపలక. మూడో తరగతి బల్లలు దాని కింద పుల్లలయ్యాయి. పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన అమ్మలు చూసి, పిల్లల్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఇవాళ పొద్దున్నే బడి పిల్లలు ఆ బల్లల మీద కూర్చోవాల్సింది.

భూమక్క గడ తెచ్చింది. అందరి ముందూ రెండు చేతులా ఓదెలు మామకు అందించింది. ఆయన ఎడమ అరచేతిని కొత్తగా బయటపడ్డ కప్పుకు ఆనించి, ఒక్క దెబ్బ కొట్టాడు.

ఖంగుమంది. నా హెడ్‌ఫోన్‌లో మూలుగన్నది లేదు. అదే మైకు ఇచ్చి స్టూడియోలో డప్పు కొట్టి రమ్మని పంపితే, అక్కడా లేదని దస్తగిరి ఉరుకుతూ వచ్చి చెప్పాడు.

కొత్త మైకు పనికొస్తుంది. ఈ మాట ఇక్కడే, నిలబడే రాస్తున్నాను. సంతకం, స్వరూప.

ఓదెలు మామ మైకు దగ్గరికొచ్చాడు. యాభై ఏళ్లలో ఆయన కొమ్ముల్లో మాట్లాడటం ఇదే మొదలు. ఎక్కడ నోరు పెట్టాలో తెలియక నన్ను చూశాడు. జానెడు దూరం చూపించాను.

"ఇగ గట్టిగున్నది. రాయి ఎత్తినంక పోయి పండుండ్రి" అన్నాడు. "కుర్చీ ఎవలకన్న ఇయ్యుండ్రి. ఈ మైకు మాత్రం నా ఎంట వాడవాడకు రావాలె. పట్టుకునేది ఈ సప్పుడమ్మనే."

అరవై ఇళ్లవాళ్లూ ఒక్కసారిగా అరిచారు. వెనకాల మిగతా వాడలు అందుకున్నాయి. ఈలలు, చప్పట్లు, డప్పులు, పళ్లేల మోత. మైకు మీటరులో ముల్లు లేచి ఎర్రగీత దాటి అక్కడే కొట్టుకుంటోంది.

"తగ్గించక్కా, పొర చినుగుతాది" అని దస్తగిరి నా చెవిలో అరిచాడు.

నేను తగ్గించలేదు.